రాని జబ్బుకి చప్పట్లు కొట్టేవాళ్లు లేరు

మా పిన్నికి గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ అని తెలిసేసరికి ఆవిడకి 46 ఏళ్లు. రెండేళ్లు తిరక్కుండానే పోయింది. అందుకే 2024 జనవరిలో స్కాట్లండ్ నుంచి వచ్చిన ఒక అధ్యయనం చదివినప్పుడు ఫోన్ పక్కన పెట్టి చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. అక్కడ 2008 నుంచి బడుల్లోనే ఆడపిల్లలకి, ఈ క్యాన్సర్‌కి కారణమయ్యే హ్యూమన్ పాపిలోమా వైరస్‌ని అడ్డుకునే హెచ్‌పీవీ వ్యాక్సిన్ వేస్తున్నారు. 12, 13 ఏళ్ల వయసులో వేయించుకున్న ఆ పిల్లలు పెరిగి పెద్దవాళ్లయ్యారు. వాళ్లలో ఎంతమందికి ఈ క్యాన్సర్ వచ్చిందని రికార్డులన్నీ వెతికితే ఒక్కరంటే ఒక్కరు కూడా దొరకలేదు.

ఆ మాట తెలిసినవాళ్లకి చెప్పాను. "ఓ, మంచిదే" అన్నారు, అంతే. అదే నెలలో "క్యాన్సర్‌కి మందు కనిపెట్టేశారు" అంటూ ఎలుకల మీద జరిగిన ఏదో ప్రయోగం గురించిన మెసేజ్ మాత్రం నలుగురు పంపారు. నా కోపమంతా దీని మీదే. జబ్బు నయమైన మనిషికి ఒక ముఖం ఉంటుంది, ఫొటో ఉంటుంది, ఇంటర్వ్యూ ఉంటుంది. జబ్బు రాకుండా తప్పించుకున్న మనిషికి తాను తప్పించుకున్నట్టే తెలియదు. ఇక చప్పట్లు ఎవరికి కొడతారు?

హెచ్‌పీవీ కథే చూడండి. ఈ క్యాన్సర్‌కి హెర్పిస్ వైరస్ కారణమని శాస్త్రవేత్తలు చాలామంది నమ్ముతున్న రోజుల్లో, జర్మనీకి చెందిన శాస్త్రవేత్త హెరాల్డ్ జుర్ హౌసెన్ మాత్రం అది కాదు, హెచ్‌పీవీ అన్నాడు. 1983లో ఆ వైరస్‌లో 16వ రకాన్ని క్యాన్సర్ కణాల్లోనే పట్టి చూపించాడు. వ్యాక్సిన్ జనం చేతికి వచ్చింది 2006లో. అంటే 23 ఏళ్లు. అది ఎంతమందిని కాపాడిందో లెక్క తేలడానికి ఇంకో పద్నాలుగేళ్లు పట్టింది. స్వీడన్‌లో దాదాపు 17 లక్షల మంది అమ్మాయిలు, యువతుల వివరాలు చూస్తే, 17 ఏళ్లు నిండకముందే వేయించుకున్నవాళ్లలో ఈ క్యాన్సర్ ముప్పు 88 శాతం తగ్గినట్టు 2020లో తేలింది.

నివారణ పరిశోధన అంటే ఇంత ఓపిక కావాలి. ఆ ఓపికకి డబ్బు పెట్టేవాళ్లు దొరకరు. ఇది నా అనుమానం కాదు. ఎరిక్ బుడిష్, బెంజమిన్ రోయిన్, హైదీ విలియమ్స్ అనే ముగ్గురు 2015లో దీని మీదే ఒక పరిశోధన ప్రచురించారు. మందుని కొన్నేళ్లపాటు వేరెవరూ అమ్మకుండా కాపాడే హక్కే పేటెంట్. దానికి దరఖాస్తు పెట్టిన రోజు నుంచే గడియారం నడవడం మొదలవుతుంది. ముదిరిపోయిన క్యాన్సర్ మీద ట్రయల్ అయితే కొన్ని నెలల్లోనో, రెండు మూడేళ్లలోనో ఫలితం తెలుస్తుంది. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకి మందిచ్చి క్యాన్సర్ వస్తుందో రాదో చూడాలంటే, ఫలితం వచ్చేసరికి పేటెంట్ గడువు కాస్తా కరిగిపోతుంది. అందుకే కంపెనీల పెట్టుబడి ముదిరిన జబ్బు వైపే మొగ్గుతోందని వాళ్లు లెక్కలతో చూపించారు. మరి ఆ ఖాళీని నింపాల్సింది ప్రభుత్వాలు కాదా? ఎందుకు గట్టిగా అడగం మనం?

లించ్ సిండ్రోమ్ అని ఒకటి ఉంది. వంశపారంపర్యంగా వచ్చే జన్యులోపం, దానివల్ల పెద్దపేగు క్యాన్సర్ ముప్పు బాగా ఎక్కువ. బ్రిటన్‌కి చెందిన జాన్ బర్న్ బృందం ఈ లోపం ఉన్న 861 మందిని తీసుకుని, సగం మందికి రోజూ 600 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, మిగతా సగానికి మందు లేని ఉత్తి మాత్ర ఇచ్చింది. 2008లో ఫలితం వచ్చింది. తేడా ఏమీ లేదు! చాలామంది అక్కడితో ఫైలు మూసేసేవారు. వీళ్లు మూయలేదు, ఆ మనుషుల్ని ఏళ్ల తరబడి గమనిస్తూనే ఉన్నారు. 2020లో చూస్తే ఆస్పిరిన్ వేసుకున్న 427 మందిలో 40 మందికి పెద్దపేగు క్యాన్సర్ వచ్చింది, ఉత్తి మాత్ర వేసుకున్న 434 మందిలో 58 మందికి వచ్చింది. రెండేళ్లు వేసుకున్న మాత్ర ఫలితం కనపడటానికి అన్నేళ్లు పట్టిందన్నమాట. (ఇది చదివి ఎవరూ సొంతంగా రోజూ ఆస్పిరిన్ మొదలుపెట్టకండి. దానివల్ల లోపల రక్తస్రావం అయ్యే ప్రమాదం ఉంది. ఇది ఆ జన్యులోపం ఉన్నవాళ్లు డాక్టర్‌తో మాట్లాడి తేల్చుకోవాల్సిన విషయం.)

ఇక నాకు బాగా ఒళ్లు మండే సంగతి. "ఈ విటమిన్ మాత్రలు రోజూ వేసుకుంటే క్యాన్సర్ దరి చేరదు" అనే మాట. దీన్ని సైన్స్ పరీక్షించి చూడలేదనుకుంటున్నారా? రక్తంలో బీటా కెరోటిన్ (క్యారెట్‌లో ఉండే, ఒంట్లో విటమిన్ ఎ గా మారే పదార్థం) ఎక్కువున్నవాళ్లకి ఊపిరితిత్తుల క్యాన్సర్ తక్కువగా వస్తోందని గమనించి, దాన్నే మాత్రగా ఇస్తే సరిపోతుంది కదా అని ఫిన్లండ్‌లో పొగతాగే 29,133 మంది మగవాళ్ల మీద ట్రయల్ చేశారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. అవును, పెరిగింది. అమెరికాలో ఇలాంటిదే ఇంకో ట్రయల్‌ని 1996లో మధ్యలోనే ఆపేయాల్సి వచ్చింది, ఎందుకంటే అక్కడ పెరుగుదల 28 శాతం. విటమిన్ ఇ మాత్రలు ప్రోస్టేట్ క్యాన్సర్‌ని ఆపుతాయేమో అని చూస్తే, 2011లో తేలిందేమిటంటే వేసుకున్నవాళ్లలో అది 17 శాతం ఎక్కువ. ఇన్ని వేలమంది తమ శరీరాల మీద పరీక్ష జరగనిచ్చి మనకి ఇచ్చిన సమాధానం ఇది. దాన్ని పక్కన పడేసి, ఎవరో డబ్బా పట్టుకుని వీడియోలో చెప్పింది నమ్ముతున్నాం. చాలా బాధగా ఉంటుంది.

అసలు క్యాన్సర్ ఎలా మొదలవుతుందన్న ఆలోచనే ఇప్పుడు మారుతోంది. 2023లో లండన్‌లోని చార్లెస్ స్వాంటన్ బృందం చూపించిన విషయం నన్ను ఇప్పటికీ వదలడం లేదు. ఊపిరితిత్తుల్లో క్యాన్సర్ లేని భాగం నుంచి తీసిన నమూనాలు పరీక్షిస్తే, దాదాపు ఐదో వంతు నమూనాల్లో క్యాన్సర్‌కి దారితీసే ఈజీఎఫ్ఆర్ జన్యుమార్పు ఉన్న కణాలు అప్పటికే ఉన్నాయి. ఉన్నాయి గానీ నిద్రపోతున్నాయి. గాలిలోని సన్నటి ధూళి కణాలు లోపలికి వెళ్లి వాపు పుట్టిస్తే, ఇంటర్‌ల్యూకిన్ 1 బీటా అనే పదార్థం విడుదలై ఆ కణాల్ని నిద్రలేపుతోంది. ఎలుకల్లో ఆ పదార్థాన్ని అడ్డుకుంటే ఆ క్యాన్సర్లు తగ్గాయి. మనుషుల్లోనూ ఒక ఆధారం ఉంది. గుండెపోటు వచ్చిన పదివేల మందికి పైగా రోగులతో జరిగిన ట్రయల్‌లో, ఇదే పదార్థాన్ని అడ్డుకునే కెనకినుమాబ్ అనే మందు వేసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గినట్టు 2017లోనే కనిపించింది. కాకపోతే ఆ మందుతో ప్రాణాంతక ఇన్ఫెక్షన్లు కొంచెం పెరిగాయి. ఆరోగ్యంగా ఉన్న మనిషికి ఇవ్వాలంటే మందు ఎంత భద్రంగా ఉండాలో దీన్నిబట్టే తెలుస్తుంది. పొగ ముట్టనివాళ్లకి ఈ క్యాన్సర్ ఎందుకొస్తోందన్న ప్రశ్నకి మాత్రం ఇక్కడ ఒక దారి దొరికింది. గాలి శుభ్రంగా ఉంచడం కూడా క్యాన్సర్ నివారణే అని ఇంతకంటే గట్టిగా ఎవరు చెప్పాలి?

హెపటైటిస్ బి టీకా వల్ల కాలేయ క్యాన్సర్ తగ్గడం, కడుపులో హెలికోబ్యాక్టర్ క్రిమిని తొలగిస్తే జీర్ణాశయ క్యాన్సర్ ముప్పు తగ్గడం, ఇవన్నీ రాస్తూ పోతే ఈ పోస్ట్ తెమలదు. లించ్ సిండ్రోమ్ ఉన్నవాళ్ల కోసం ఇప్పుడు నివారణ వ్యాక్సిన్లు కూడా పరీక్షిస్తున్నారు. ఇంకా తొలి దశలోనే ఉన్నాయి, తొందరపడి పండగ చేసుకోను.

కానీ హెచ్‌పీవీ వ్యాక్సిన్ తొలి దశలో లేదు. దాని ఫలితం కళ్ల ముందుంది. మీ ఇంట్లో 9 నుంచి 14 ఏళ్ల ఆడపిల్ల ఉంటే ఈ వారమే డాక్టర్‌ని అడగండి. భయాలుంటే వాళ్ల దగ్గరే అడిగి తీర్చుకోండి, వాయిదా మాత్రం వేయకండి. వయసు దాటిన మనం స్క్రీనింగ్, అంటే లక్షణాలు కనపడకముందే జబ్బుని పట్టుకునే పరీక్ష, చేయించుకుందాం. పోయిన నెలలో మా పిన్ని కూతురు తన పాపకి వ్యాక్సిన్ వేయించింది. తను కూడా స్క్రీనింగ్ టెస్ట్ చేయించుకుంది. బయటికొచ్చాక నాకు ఫోన్ చేసి, "ఇంత చిన్న పనా అక్కా" అని ఏడ్చేసింది.