చేప వంగుతుందట, బ్యాగు మాత్రం సాగదట

ఇప్పుడే ఫోన్ పెట్టేశాను. కోపం చల్లారకముందే రాసేస్తున్నా, చల్లారితే మర్యాదగా రాస్తానేమోనని భయం.

చేపల వేటకి తెడ్డేసుకుంటూ వెళ్లే చిన్న పడవ ఉంది నాకు, కాయక్ అంటారు. దాని మీద కట్టుకుని, పట్టిన చేపల్ని ఐసులో దాచుకునే ఐసు బ్యాగు కొత్తది తెప్పించాను. పాతదాని లైనర్, అంటే లోపలి పొర, చీలిపోయింది. కొత్తదాని మీద ఇంతలావు అక్షరాలతో 100 సెంటీమీటర్లు అని రాసుంది. విప్పి, అడుగున టేపు పరిచి చూస్తే 84. టేపు వంకరగా పెట్టానేమోనని మళ్లీ చూశా. 84 అంటే 84. మిగతా 16 ఎక్కడికి పోయాయయ్యా అంటే రెండు చివర్లా ఫోము, కుట్టు మడత, కొసన వేలాడే పట్టీ. పట్టీని కూడా కొలిచారు మహానుభావులు! పైగా ఆ 84 కూడా వెడల్పు వైపు నుంచి కొస దాకా. కొస దగ్గర నా అరచెయ్యి కూడా తిన్నగా పట్టదు.

ఫోన్ చేస్తే అవతలి అబ్బాయి చాలా వినయంగా చెప్పాడు. "అది బయటి కొలత సర్. అయినా చేప వంగుతుంది కదా సర్."

చేప వంగుతుందట! నాయనా, నువ్వు ఎప్పుడైనా తూరచేప (ట్యూనా) తోక పట్టుకుని చూశావా? పట్టుకునే ఉంటే ఆ మాట అనవు. వంజరం వంగుతుంది, ఒప్పుకుంటా, చచ్చిన కాసేపటి దాకా వంగుతుంది. తర్వాత బిగుసుకుపోతుంది. ధనుస్సులా వంచి పెట్టిన చేప ధనుస్సులాగే బిగుసుకుంటుంది. దాన్ని ఒడ్డుకొచ్చాక బలవంతంగా తిన్నగా చేస్తే లోపల కండ పొరలు పొరలుగా విడిపోతుంది. ముక్క కోస్తే సందులు సందులుగా కనిపిస్తుంది. అప్పుడు చూసినవాళ్లు "చేప పాతదేమో" అంటారు. పొద్దున పట్టిన చేపకి మధ్యాహ్నానికల్లా ముసలితనం అంటగట్టేది ఈ వంగుడు శాస్త్రమే.

అసలు ఈ బ్యాగులు అమ్మేవాళ్లలో లోపలి కొలత రాసేవాడు ఎంతమంది? బయటి పొడవు రాస్తారు, లీటర్లు రాస్తారు. లీటర్లు దేనికి? నేనేమన్నా పాలు పోసుకుంటానా అందులో? అడుగున పొడవెంత, కొస దగ్గర వెడల్పెంత, జిప్పు పూర్తిగా తెరిస్తే నోరు ఎంత తెరుచుకుంటుంది, ఈ మూడూ చెప్తే చాలు. ఆ మూడే చెప్పరు. బొమ్మలో మాత్రం నవ్వుతున్న ఒకాయన, పక్కన బ్యాగు, బ్యాగు మీద ఒక నీటిచుక్క కూడా ఉండదు. చేప ఉండదు. ఉప్పు మరక ఉండదు. ఆ కాయక్ నీళ్లు చూసి ఎన్నాళ్లయిందో.

ఇంక "మందపాటి ఇన్సులేషన్" అని ఒక ముక్క. ఎంత మందం? మిల్లీమీటర్లలో చెప్పండి బాబూ. గోడని చూపుడువేలు, బొటనవేలు మధ్య పెట్టి నొక్కితే రెండు వేళ్లూ కులాసాగా మాట్లాడుకుంటున్నాయి. ఫోము మందం రెట్టింపయితే గోడలోంచి లోపలికొచ్చే వేడి దాదాపు సగమవుతుంది, ఇందులో పెద్ద రహస్యమేమీ లేదు. అదీ గాలి గదులు మూసుకుపోయి ఉండే ఫోము అయితేనే. నీళ్లు పీల్చే స్పాంజి రకం పెట్టి కుట్టేస్తే, ఒక్క కుట్టు కారిందంటే చాలు, అది తడిసి ముద్దవుతుంది. చల్లదనం పోతుంది, కంపు మాత్రం శాశ్వతంగా ఉంటుంది.

లోపల తళతళా మెరిసే వెండి రేకు చూసి మురిసిపోయేవాళ్లకి కూడా ఒక మాట. ఆ మెరుపు ఆపేది ప్రసరించి వచ్చే వేడిని, అదీ దాని ముందు కాస్త గాలి ఖాళీ ఉంటేనే. ఐసు, చేప దానికి ఒత్తుకుని ఉన్నప్పుడు రేకు ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే, పని చెయ్యాల్సింది వెనకున్న ఫోము. కానీ ఫొటోలో ఫోము కనపడదు కదా, రేకు కనపడుతుంది.

నల్ల రంగు బ్యాగులు తయారుచేసేవాళ్లనైతే ఏమనాలో తెలియట్లేదు. నడినెత్తిన ఎండ, నీడనేదే లేని నీళ్లు, మధ్యలో నల్ల బ్యాగు. స్టైలుగా ఉంటుందట. చేపకి స్టైలు కావాలా? తెలుపో, లేత బూడిద రంగో వెయ్యడానికి ఏం రోగం?

కుట్ల సంగతికి వద్దాం, ఇక్కడే నాకు ఒళ్లు మండేది. లైనర్‌ని సూదితో కుడితే ప్రతి కుట్టూ ఒక రంధ్రం. మొదట్లో పైన టేపు అతికించి ఉంటుంది, అందంగానే ఉంటుంది. ఉప్పునీళ్లు, ఎండ, ఐసు ముక్కల రాపిడి తగిలాక ఆ టేపు అంచు లేస్తుంది. నా పాతదానికి సరిగ్గా మూలన లేచింది, గోరుతో పీకితే ఊడొచ్చేంత. దాని కింద వరసగా సూది రంధ్రాలు, ఒక్కోదాంట్లోంచి లేత గులాబీ రంగు నీటిబొట్టు. ఆ నీళ్లు ఫోములోకి దిగాక ఎన్నిసార్లు కడిగినా, ఎండలో బోర్లించినా లాభం లేదు, కారు డిక్కీ తెరిస్తే ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది నేనెక్కడికెళ్లొచ్చానో. అతుకులు వేడితో వెల్డింగ్ చేసిన లైనర్లు ఉంటాయి, కాస్త ఎక్కువ పడుతుంది, పడనివ్వండి. దానిక్కూడా ముల్లు గుచ్చుకుంటే చిల్లు పడుతుంది, కాబట్టి జెల్ల వీపు ముల్లు కత్తిరించకుండా లోపల పడేసే పెద్దమనుషులకి ఏ బ్యాగూ పనికిరాదు.

జిప్పు లోహానిది అయితే కొనకండి. అంతే. ప్లాస్టిక్ పళ్లున్నదే తీసుకోండి, లాగే బిళ్ల కూడా తుప్పు పట్టనిది ఉండాలి. పళ్ల మధ్య ఉప్పు ఎండి తెల్లగా పేరుకుంటుంది, ఇంటికి రాగానే మంచినీళ్లతో కడిగి, ఎండాక కొవ్వొత్తి మైనం రుద్దండి. ఒక చేత్తో తెడ్డు, ఇంకో చేత్తో కొట్టుకుంటున్న చేప, అప్పుడు జిప్పు మధ్యలో మొరాయిస్తే తెలుస్తుంది బాధ.

"24 గంటలు ఐసు నిలుస్తుంది!" అని మరో ప్రకటన. నిలుస్తుంది, ఎందుకు నిలవదు? నీడలో పెట్టి, నిండా ఐసు దట్టించి, ఒక్కసారి కూడా తెరవకుండా ఉంచితే నిలుస్తుంది. చేప పట్టకుండా ఉంటే ఇంకా బాగా నిలుస్తుంది. లెక్క చూడండి. 28 డిగ్రీల నీళ్లలోంచి వచ్చిన 5 కిలోల చేపని సున్నాకి దించడానికే సుమారు కిలోన్నర ఐసు కరిగిపోతుంది. ఇది ఒక్క చేప ఖర్చు, ఎండ ఖర్చు, తెరిచిన ప్రతిసారీ లోపలికి దూరే వేడిగాలి ఖర్చు వేరే. కిలో ఐసు కరగడానికి పట్టే వేడితో కిలో చన్నీళ్లని సున్నా నుంచి 80 డిగ్రీల దాకా కాచొచ్చు, ఐసుకున్న బలం అదీ. బ్యాగు చల్లదనాన్ని పుట్టించదు బాబూ, ఐసు ఇచ్చినదాన్ని కాపాడుతుంది, అంతే. అందుకే చేప పట్టేంత బ్యాగు చాలదు, చేపతోపాటు దాని బరువంత ఐసు కూడా పట్టాలి. ఎండలు ముదిరినప్పుడు రెండింతలు పెట్టినా తప్పులేదు. 84 సెంటీమీటర్లలో 80 సెంటీమీటర్ల చేపని దూర్చాక ఐసు ఎక్కడ పెట్టాలి, జేబులోనా?

రాత్రే రెండు గడ్డకట్టిన సీసాలు లోపల పడేసి జిప్పు మూసి ఉంచితే పొద్దున మంచి ఐసు వేసేటప్పటికి గోడలు చల్లబడి ఉంటాయి. నీళ్లమీదకి వెళ్లాక ఐసులో కాస్త సముద్రపు నీళ్లు కలిపితే ఇంకా మంచిది. ఉప్పు వల్ల ఆ ముద్ద సున్నాకన్నా కాస్త కిందికి దిగుతుంది, చేపని అన్నివైపులా అంటుకుని ఐసు ముక్కలకన్నా తొందరగా చల్లబరుస్తుంది. కరిగిన మంచినీళ్లలోనే గంటలకొద్దీ నానితే చేప రంగు వెలిసి కళ్లు తెల్లబడతాయి, అందుకే కింద నీళ్లు వదిలే బిరడా ఉండాలి. నా కొత్తదానికి బిరడా ఉంది. ఎక్కడుందనుకున్నారు? పక్కగోడకి, అడుగు నుంచి నాలుగు వేళ్ల పైన! నీళ్లు ఎగిరొచ్చి బయటికి పోవాలి కాబోలు.

ఎక్కడ కట్టాలన్నది ఇంకో రామాయణం. ముక్కు మీద కడితే బరువుకి ముక్కు దిగి అలలోకి గుచ్చుకుంటుంది, పక్కగాలికి బ్యాగు తెరచాప పని చేస్తుంది. ఒడ్డు కెరటాల్లోంచి దిగేటప్పుడు మరీ ప్రమాదం. సీటు వెనక గుంటలో పెడితే నడుము తిప్పి చేప వెయ్యాలి, కాయక్ తోక దిగబడకుండా బరువు చూసుకోవాలి. నా ఓటు వెనక గుంటకే. మోకాళ్ల పక్కన, అంచు మీద మాత్రం వద్దు. కాయక్ తిరగబడితే మళ్లీ ఎక్కాల్సింది ఆ పక్క నుంచే. బ్యాగుని కట్టే డీ రింగులు (డి అక్షరంలా ఉండే కడియాలు) నాలుగు మూలలా ఉండాలి, కుట్టు గట్టిగా ఉండాలి, కొనేటప్పుడే ఒకసారి బలంగా గుంజి చూడండి. కొట్టువాడు చూస్తే చూడనివ్వండి.

ఇదంతా రాస్తుంటే గుర్తొచ్చింది, అసలు నాకు ఇంత పెద్ద బ్యాగు అవసరం ఎందుకొచ్చింది?

నా చేపల వల్ల కాదు. నా చేపలకి 84 కూడా ఎక్కువే అనేవాళ్లున్నారు, వాళ్ల నోళ్లు తర్వాత మూయిద్దాం. అవసరం వచ్చింది మా జట్టులోని ఒక సీనియర్ గారి వల్ల. ఆయన దగ్గర గాలాలున్నాయి, రీళ్లున్నాయి, చేపల జాడ చూపించే తెర ఉంది, దానికి బ్యాటరీ, బ్యాటరీకి నీళ్లు తగలని డబ్బా కూడా ఉంది. ఐసు బ్యాగు లేదు. ఎప్పుడూ లేదు. "ఈ బ్యాగులన్నీ వ్యాపారం తమ్ముడూ, మా రోజుల్లో తడి గోనెపట్టాతోనే సరిపెట్టుకున్నాం" అంటారు. మంచిదే, గోనెపట్టా తడిపి గాలి తగిలేలా ఉంచితే అస్సలేమీ లేనిదానికన్నా చాలా నయం. కానీ అన్నగారు గోనెపట్టా కూడా తేరు!

చేప పడగానే డెక్కు మీద పడేసి ఫొటోలు. ఇటు తిప్పి ఒకటి, అటు తిప్పి ఒకటి, చెయ్యి చాచి పెద్దదిగా కనపడేలా ఒకటి. మొప్పల దగ్గర కోసి రక్తం తియ్యరు. ఎండలో దాని చర్మం నా కళ్లముందే ముడతలు పడుతుంటుంది. తర్వాత తెడ్డేసుకుంటూ నా దగ్గరికొచ్చి, "తమ్ముడూ, నీ బ్యాగులో కొంచెం చోటుందా?" అత్త సొమ్ము అల్లుడు దానం అని విన్నాను గానీ, అల్లుడు ఇలా కాయక్ మీద వస్తాడని అనుకోలేదు. ఆ వేడి చేప లోపల పడ్డ క్షణం నుంచి నా ఐసు దాని సేవకే అంకితం. కాసేపాగి మళ్లీ వస్తారు, "ఎలా ఉందో చూద్దాం." చూడ్డానికి జిప్పు మొత్తం తెరవాలి. చచ్చిన చేప ఎలా ఉంటుందన్నా, చచ్చినట్టే ఉంటుంది!

ఇది పిసినారితనం గొడవ కాదు, అర్థం చేసుకోండి. తూర, కానాగడతల్లాంటి చేపలు వేడిలో పడుంటే బ్యాక్టీరియా వాటి కండలోని హిస్టిడిన్ అనే పదార్థాన్ని హిస్టమిన్ అనే విషంగా మార్చేస్తుంది. వండినా పోదు, గడ్డకట్టించినా పోదు. చాలాసార్లు వాసనకీ, చూపుకీ కూడా తెలియదు. తిన్న కాసేపటికే మొహం ఎర్రబడి, తలనొప్పి, దద్దుర్లు, వాంతులు. గాలిగానీ నీళ్లుగానీ 28.3 డిగ్రీలు దాటి ఉంటే ఇలాంటి చేపని వీలైనంత తొందరగా, ఎంత ఆలస్యమైనా చచ్చిన 6 గంటల్లోపు ఐసులోనో, 4.4 డిగ్రీలకి మించని ఐసు నీళ్లలోనో పెట్టమని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ వాణిజ్య పడవలకే చెప్తోంది. మా అన్నగారు పొద్దున్నుంచీ డెక్కు మీద ఆరబెట్టిన తూరని మధ్యాహ్నం నాకు అప్పగించి, ఒడ్డుకొచ్చాక నాలుగిళ్లకి ఉదారంగా పంచిపెడతారు. పేరు ఆయనకి. రేపు ఎవరికైనా దద్దుర్లొస్తే "బ్యాగు ఎవరిది?" అని అడుగుతారు, చూస్కోండి.

అంతకన్నా మండేది ఇంకోటుంది. అందరం ఒడ్డున నిలబడి బ్యాగు ఖాళీ చేస్తుంటే, నేను అడుగున పెట్టుకున్న చేప ఆయన చేపల బరువుకి నలిగి పొట్ట పగిలింది. దాన్ని చూసి ఆయన అన్న మాట, "నీ బ్యాగు చిన్నది తమ్ముడూ, ఈసారి పెద్దది తీసుకో."

తీసుకున్నా కదా. అదే ఇది.

ఇందాక మా జట్టు గ్రూపులో మెసేజ్ పెట్టారు. "ఆదివారం ఐసు ఎవరు తెస్తున్నారు?" పక్కన రెండు దండాలు, ఒక చేప బొమ్మ. చదివాను. చదివినట్టు ఆయనకి నీలం టిక్కులు పడ్డాయి కూడా. జవాబివ్వలేదు, ఇవ్వను. పక్కనుంచి ఎవడో బుద్ధిమంతుడు నా పేరు ట్యాగ్ చేశాడు, వాడి సంగతి ఆదివారం నీళ్లమీద చూస్తా.