సగం ఏడాది కొండల మీదే

బ్రౌన్ హెడెడ్ గల్ అనే నీటి పక్షి మీద వచ్చిన ఫొటోల వ్యాసంలో దాన్ని "కోస్తా పక్షి" అని రాసి వదిలేశారు. అది సగమే నిజమండీ. ఇది గుడ్లు పెట్టేది లద్దాఖ్‌లోని సో కర్, సో మొరిరి, టిబెట్ సరస్సుల దగ్గర. దాదాపు 4,500 మీటర్ల ఎత్తు! చలికాలానికే కాకినాడ, పులికాట్ వైపు దిగుతుంది. అప్పుడు తల తెల్లగా, కంటి వెనక చిన్న నల్ల మచ్చతో ఉంటుంది. పేరు చూసి గోధుమరంగు తల కోసం వెతికితే దొరకదు మరి. ఆ రంగు వేసవి ముందు వస్తుంది, వచ్చాక పక్షి ఉత్తరానికి బయల్దేరుతుంది. దీన్ని పోలిన బ్లాక్ హెడెడ్ గల్‌తో పోల్చేటప్పుడు రెక్కల కొసలు చూడండి: ఎదిగిన పక్షికి నలుపులో తెల్ల మచ్చలుంటే ఇదే. చేపల వ్యర్థాలకి పడవల వెంటపడుతుందని వ్యాసంలో తిట్టిపోశారు గానీ, పురుగుల్నీ బాగానే తింటుంది. ఫొటోలు మాత్రం అదిరాయి.