‘అంతా కలే’ అని తేల్చేస్తే ఎలా? ‘జేకబ్స్ లాడర్’ ముగింపు మీద ఒక ఖండన

1990లో వచ్చిన ‘జేకబ్స్ లాడర్’ సినిమా ముగింపును ఐదు ముక్కల్లో విప్పి చెప్పేస్తానంటూ ఒక పోస్టు తెగ తిరుగుతోంది. నాకే ముగ్గురు పంపారు. దాని సారాంశం ఇదీ: జేకబ్ వియత్నాంలోనే చనిపోయాడు, ఆ సంగతి ఆఖరి నిమిషంలో ట్విస్టుగా బయటపడుతుంది. కాబట్టి న్యూయార్క్‌లో జరిగిందంతా కల, దానికి అర్థం లేదు. సైన్యం తన సైనికులకే దొంగతనంగా డ్రగ్ ఇచ్చిందని ఆఖర్లో తెర మీద కార్డు వేసి మరీ నిరూపించారు. జెజీ దెయ్యం, లూయీ దేవదూత. చనిపోయిన కొడుకు వచ్చి తండ్రిని స్వర్గానికి తీసుకెళ్లాడు, కథ సుఖాంతం.

ఇందులో జేకబ్ చనిపోయాడన్నది నిజం. మిగతాది ఒప్పుకోవడం కష్టం. సినిమా చూడనివాళ్లు ఇక్కడే ఆగిపోండి, ముగింపు చెప్పకుండా ముగింపు గురించి వాదించడం నా వల్ల కాదు.

కథ తెలియకపోతే వాదన అర్థం కాదు కాబట్టి రెండు ముక్కలు. దర్శకుడు ఏడ్రియన్ లైన్, రచయిత బ్రూస్ జోయెల్ రూబిన్. 1971 అక్టోబర్ 6, వియత్నాంలో మెకాంగ్ డెల్టా. జేకబ్ సింగర్ (టిమ్ రాబిన్స్) ఉన్న దళం మీద దాడి జరుగుతుంది. సైనికులు కొందరు తల పట్టుకుని మూర్ఛ వచ్చినట్టు కొట్టుకుంటారు. అడవిలోకి పరిగెత్తిన జేకబ్ పొట్టలో ఎవరో బాయినెట్ (తుపాకీ చివరి కత్తి) దించుతారు. మరుక్షణం అతను న్యూయార్క్ సబ్‌వే రైల్లో, పోస్టాఫీసు యూనిఫాంలో నిద్ర లేస్తాడు. భార్య సారాతో విడిపోయాడు, జెజీ అనే ఆమెతో ఉంటున్నాడు. యుద్ధానికి వెళ్లక ముందే చిన్న కొడుకు గేబ్ ప్రమాదంలో పోయాడు. రోడ్ల మీద, పార్టీల్లో వికృతమైన ఆకారాలు కనిపిస్తుంటాయి. పాత దళంలోని వాళ్లకీ అలాగే కనిపిస్తున్నాయట. చివరికి కొడుకు చెయ్యి పట్టుకుని ఇంటి మెట్లెక్కుతాడు. కట్ చేస్తే వియత్నాంలో సైనిక ఆసుపత్రి టెంట్, బల్ల మీద జేకబ్ శవం.

‘ఆఖరి నిమిషంలో ట్విస్టు’

మొదటిసారి చూసినప్పుడు నేనూ అలాగే అనుకున్నా. రెండోసారి కాగితం, పెన్ను పెట్టుకుని కూర్చుంటే సిగ్గేసింది. ఈ సినిమా ఆ సంగతి దాచిపెట్టనే లేదు.

సబ్‌వే సీనే తీసుకోండి. స్టేషన్ దాటిపోయిందా అని జేకబ్ ఎదురుగా కూర్చున్నావిడని అడుగుతాడు. ఆమె కళ్లు తెరిచే ఉంటాయి, జవాబు మాత్రం రాదు. రైల్లో అతికించిన పోస్టరు మీద పెద్ద అక్షరాల్లో ‘నరకం’ అని ఉంటుంది. నిజానికి అది మాదకద్రవ్యాలు వద్దని చెప్పే ప్రకటన. దిగితే బయటికి పోయే గేటుకి తాళం. ఇంకో దారి లేక పట్టాలు దాటుతుంటే రైలు మీదికొస్తుంది, అంగుళాల్లో తప్పించుకుంటాడు. వెళ్లిపోతున్న రైల్లోంచి పోలిక తెలియని ముఖాలు అతన్నే చూస్తుంటాయి. సినిమా మొదలై పది నిమిషాలు కూడా కాలేదు.

తర్వాత పార్టీలో ఒకామె చెయ్యి చూసి, ఈ ఆయుష్షు రేఖ ప్రకారం నువ్వు ఎప్పుడో చనిపోయి ఉండాలి అంటుంది. అందరూ నవ్వుతారు. ఆసుపత్రిలో డాక్టరైతే నువ్వు చంపబడ్డావు, గుర్తులేదా అని మొహం మీదే అనేస్తాడు. ఇంకెలా చెప్పాలి?

వీటన్నిటికంటే గట్టి రుజువు ఇంకోటుంది, దాన్ని ఆ పోస్టు ముట్టుకోనే లేదు. సినిమా మధ్యమధ్యలో వియత్నాం ముక్కలు వస్తుంటాయి కదా, వాటిని మనం జ్ఞాపకాలనుకుంటాం. వాటిని మాత్రమే విడదీసి వరసగా పెట్టి చూడండి. అడవిలో పడి ఉన్నాడు, తోటి సైనికులు వెతికి పట్టుకున్నారు, స్ట్రెచర్ మీద మోశారు, హెలికాప్టర్ ఎక్కించారు, టెంట్‌కి చేర్చారు. ఎక్కడా వెనక్కి వెళ్లదు. జ్ఞాపకాలు అంత బుద్ధిగా తేదీల వరసలో రావు. అది వెనకటి కథ కాదు, ఇప్పుడు జరుగుతున్న కథ. మనమే తలకిందులుగా చూశాం.

‘కల కాబట్టి అర్థం లేదు’

ఈ పోస్టులో నాకు బాగా కోపం తెప్పించిన మాట ఇది. ఒక మనిషి ప్రాణం పోయే ముందు ఏం చూశాడన్నదే కథైతే, అతను చూసింది తీసేశాక మిగిలేది ఒక బల్ల, ఒక టెంట్.

మంచు తొట్టి సీను గుర్తు తెచ్చుకోండి. జేకబ్‌కి జ్వరం 106 డిగ్రీలు దాటుతుంది. జెజీ, ఇరుగుపొరుగు వాళ్లు కలిసి అతన్ని ఎత్తుకెళ్లి బాత్‌టబ్‌లో పడేసి, మంచుగడ్డలు సంచుల లెక్కన కుమ్మరిస్తారు. అతను గింజుకుంటాడు, అరుస్తాడు. ఉన్నట్టుండి ఇంట్లో మంచం మీద లేస్తాడు. పక్కన సారా. కిటికీ తెరిచి ఉంది, అందుకే ఈ చలి. పోస్టాఫీసులో పనిచేసే ఆవిడతో కాపురం పెట్టినట్టు పీడకల వచ్చిందని సారాకి చెప్పి నవ్విస్తాడు. పిల్లల గదిలోకి వెళ్తే గేబ్ బతికే ఉన్నాడు. దుప్పటి సర్ది వచ్చి పడుకుంటాడు. కళ్లు తెరిస్తే మళ్లీ మంచు, మళ్లీ తొట్టి.

రెండింటిలో ఏది నిజం? రెండూ కావు. కానీ ఆ మంచం దృశ్యం లేకపోతే జేకబ్ దేన్ని వదల్లేక కొట్టుకుంటున్నాడో మనకి తెలిసేదే కాదు. దెయ్యాలు కనపడ్డ సీన్లలో అతను భయపడతాడు, అంతే. బతికున్న కొడుకుని చూసొచ్చి తొట్టిలో కళ్లు తెరిచినప్పుడు చూడాలి ఆ ముఖం.

దీనికి తాళంచెవి లూయీ మాటల్లో ఉంది. లూయీ జేకబ్ నడుం సరిచేసే వైద్యుడు. జర్మన్ మత తాత్వికుడు ఎకార్ట్ చెప్పాడంటూ ఒక సంగతి చెప్తాడు, నా మాటల్లో: నరకంలో కాలేది నీలో బతుకుని వదలని భాగమే. చావంటే భయపడి పట్టుకుని వేలాడితే, నీ బతుకుని పీకేసుకునే దెయ్యాలు కనపడతాయి. రాజీపడితే అవే దేవదూతలు. రూబిన్ మనసులో ఉన్నది టిబెట్ బౌద్ధుల బార్డో, అంటే చావుకీ తర్వాతి స్థితికీ మధ్య దశ. అక్కడ కనిపించే భీకర రూపాలు ఆ మనిషి మనసులోంచి వచ్చినవే. ఇంత తెలిశాక న్యూయార్క్ ‘ఉత్త కల’ ఎలా అవుతుంది? పనంతా అక్కడే జరుగుతుంటే.

‘డ్రగ్ ఇచ్చారని నిరూపించారు’

ఇక అసలు గొడవ. పోస్టు రాసినవారు ఒక చేత్తో న్యూయార్క్ అంతా కల అన్నారు. ఇంకో చేత్తో అదే న్యూయార్క్‌లో మైకేల్ చెప్పిన కథని సాక్ష్యంగా పట్టుకొచ్చారు. రెండూ ఒకేసారి కుదరవు.

మైకేల్ ఎవరు? ఎల్‌ఎస్‌డీ అనే మత్తుమందు తయారు చేస్తూ దొరికిపోయి, జైలు తప్పించుకోవడానికి సైన్యం దగ్గర పనికి కుదిరిన కెమిస్ట్. సైనికుల్లో కసి పెంచడానికి ‘లాడర్’ అనే మందు చేశామని, కోతుల మీద, తర్వాత శత్రు ఖైదీల మీద వాడి చూశామని, చివరికి జేకబ్ దళానికీ తెలియకుండా ఇచ్చారని, వాళ్లు ఒకళ్లనొకళ్లు చంపుకున్నారని చెప్తాడు. అప్పుడే జేకబ్‌కి తనని పొడిచిన ముఖం కనపడుతుంది. అది అమెరికన్ సైనికుడిదే. భలే అతుకుతుంది. కానీ ఇదంతా చావబోతున్న మనిషి తలలో జరుగుతోంది.

అదే తలలో గియరీ అనే లాయరు కూడా ఉన్నాడు. మీ దళం అసలు యుద్ధమే చూడలేదు, థాయ్‌లాండ్‌లో విన్యాసాలు చేసి, మానసిక కారణాలతో బయటికి పంపేశారు, కాగితాల్లో ఉన్నది ఇదీ అని కేసు వదిలేస్తాడు. మైకేల్‌ని నమ్మి లాయర్ని ఎందుకు నమ్మరు? మైకేల్ చెప్పింది మనకి నచ్చింది, అంతకుమించి కారణం లేదు. కుట్ర ఉంటే కథకి ఒక విలన్ దొరుకుతాడు.

అలాగని డ్రగ్ కథ అబద్ధమని కొట్టిపారేయను. మొదటి సీనులో సైనికులు కొట్టుకోవడం జేకబ్ కత్తిపోటుకి ముందే జరిగింది. అది అతని భ్రమలో భాగమని చెప్పడానికి ఆధారం లేదు. ఆ రోజు ఏదో తేడా జరిగింది, అంతవరకు ఖాయం. అది ఏమిటన్నది సినిమా తేల్చలేదు. తేల్చే అవకాశం చేతిలో ఉండి కూడా. మైకేల్ జేకబ్‌కి విరుగుడు మందు ఇచ్చే పెద్ద సీను తీశారు, టెస్ట్ షోల తర్వాత కోసేశారు. అదే ఉంటే డ్రగ్ వాదానికి బలం వచ్చేది.

మరి ఆ కార్డు? వియత్నాం యుద్ధకాలంలో సైనికుల మీద ప్రయోగాల్లో బీజెడ్ అనే భ్రాంతి మందు వాడారని వార్తలొచ్చాయి, అమెరికా రక్షణ శాఖ పెంటగాన్ ఖండించింది, ఇంతే దాని సారం. ‘వార్తలొచ్చాయి’, ‘ఖండించింది’. నిరూపణ ఎక్కడుంది ఇందులో? పైగా బీజెడ్, లాడర్ ఒకటే అని కార్డు అనలేదు.

అవి ఒకటి కావడానికి వీల్లేదు కూడా. బీజెడ్ ఊహించి రాసింది కాదు, నిజంగా ఉంది. మేరీలాండ్‌లోని ఎడ్జ్‌వుడ్ ఆర్సెనల్‌లో అమెరికా సైన్యం 1955 నుంచి 1975 వరకు దాదాపు 7,000 మంది వాలంటీర్ సైనికుల మీద రకరకాల రసాయనాలు పరీక్షించింది, వాటిలో బీజెడ్ ఒకటి. కానీ దాని పని మనిషిని రెచ్చగొట్టడం కాదు, పనికిరాకుండా చేయడం. నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, మనిషి తాను ఎక్కడున్నాడో మర్చిపోతాడు, లేని వస్తువుల్ని గాల్లోంచి ఏరుతుంటాడు, బట్టలు పీక్కుంటాడు. ఇది మూడు నాలుగు రోజులు కూడా ఉండొచ్చు. ఆ స్థితిలో ఉన్నవాడు బాయినెట్ పట్టుకుని ఒకణ్ణి వెంటాడటం అటుంచి, బూటు లేసు కట్టుకోవడమే గొప్ప. ఎడ్జ్‌వుడ్‌లో జరిగిందానికి కోపం రావాల్సిందే. ఆ కోపంతో సినిమాకి లేని తీర్పు అంటగట్టడం వేరే సంగతి. నిజం చెప్పాలంటే ఆ కార్డు అక్కడ వేయకుండా ఉంటే బాగుండేది. అప్పటిదాకా ఒక తండ్రి చావు గురించి ఉన్న సినిమాని ఆఖరి పది సెకన్లలో వార్తాపత్రిక చేసేసింది.

ఇంకొక్కటి. మైకేల్ రహస్యం చెప్పేశాక సినిమా అయిపోలేదు. కుట్రే అసలు కథైతే అక్కడ అయిపోవాలి. జవాబు దొరికాక కూడా జేకబ్ మనసు కుదుటపడదు. టాక్సీ ఎక్కి సారాతో ఉన్న పాత ఇంటికి బయల్దేరతాడు.

‘జెజీ దెయ్యం, లూయీ దేవదూత’

లూయీ సంగతి ఒప్పుకుంటా. జేకబే అతన్ని బొద్దుగా ఎదిగిన దేవదూతలా ఉన్నావంటాడు. జెజీ విషయంలో మాత్రం అంత తేలిక కాదు. గేబ్ ఫొటో చూసి జేకబ్ ఏడిస్తే, నిన్ను ఏడిపించేది ఏదీ నాకు వద్దని ఫొటోలు తీసుకెళ్లి తగలబెట్టేస్తుంది. లూయీ మాటల పక్కన పెట్టి చూస్తే బతుకుని పీకేసుకోవడం అంటే ఇదేగా. అదే చెయ్యి జ్వరంలో అతన్ని బతికించడానికి మంచు కుమ్మరించింది. పార్టీలో ఆమె ఒక వికృత ఆకారంతో నాట్యం చేసినట్టు మనం చూసింది జేకబ్ కళ్లతో. అతని భయం తగ్గితే ఆమె ఎలా కనపడేదో సినిమా చూపించలేదు.

‘స్వర్గం, సుఖాంతం’

ఇక్కడ సగం ఒప్పుకుంటాను. గేబ్ రావడం ఊరటే. స్వర్గం మాత్రం తెర మీద ఎక్కడా లేదు. రూబిన్ స్క్రిప్టులో కొమ్ములు, రెక్కలు ఉన్న సంప్రదాయ దెయ్యాలుంటే దర్శకుడు లైన్ వాటిని పక్కనపెట్టి, మనిషి ఒంటినే వంకర్లు తిప్పాడు. నిమిషానికి వెయ్యిసార్లు వణికినట్టుండే ఆ తలల్ని సెకనుకి నాలుగు ఫ్రేముల్లో తీసి మామూలు వేగంతో వేశారు, గ్రాఫిక్స్ లేవు. ముగింపులోనూ ఆ పొదుపే కనిపిస్తుంది. బంగారు ద్వారాలు లేవు, పాత ఇంట్లో మామూలు మెట్లు. కాపలాదారు డాక్టర్ సింగర్ అని పలకరిస్తాడు, లోపల ఎవరూ ఉండరు, జేకబ్ ఒక్కడే కూర్చుంటాడు. తెల్లవారాక చూస్తే మెట్ల కింద గేబ్. ఫర్లేదు, పైకి వెళ్దాం రా అన్నట్టు చెయ్యి పట్టుకుంటాడు.

పేరుని కూడా చూడండి. ‘లాడర్’ అంటే నిచ్చెన. ఆ మందు మనిషిని నిచ్చెన దింపి అట్టడుగు భయం దాకా, కోపం దాకా తీసుకెళ్తుందని మైకేల్ అంటాడు. బైబిల్ ఆదికాండంలో యాకోబు కలలో నిచ్చెన భూమికీ ఆకాశానికీ మధ్య నిలబడుతుంది, దాని మీద దేవదూతలు ఎక్కుతుంటారు, దిగుతుంటారు. మైకేల్‌కి దిగడమే తెలుసు, గేబ్ ఎక్కించాడు. పోస్టు రాసినవారు మైకేల్ నిచ్చెననే సినిమా అనుకున్నారు.

మెట్ల పైన వెలుగు, వెంటనే టెంటు. జేకబ్ పోయాడని డాక్టర్లు తేల్చేస్తారు. ముఖం ప్రశాంతంగా ఉందని, మనిషి మాత్రం గట్టిగా పోరాడాడని ఒక మాట అనుకుంటారు. ఆ తర్వాతే కార్డు పడుతుంది. ఆ పోస్టులో కార్డు గురించి ఏడు వాక్యాలున్నాయి, డాక్టర్ల మాట గురించి ఒక్కటీ లేదు.