మహారాజశ్రీ పి ఫారం గారి దివ్యసముఖమునకు

పట్టణంలో చిన్న క్లినిక్ నడుపుకుంటూ, వారం వారం రోగుల లెక్కలు మీ గడుల్లో నింపి ప్రభుత్వ ఆరోగ్యశాఖకు పంపే ఒక ఎంబీబీఎస్ వైద్యుడు నమస్కరించి వ్రాయునది.

గత వారం రిపోర్టు పంపని యూనిట్ల జాబితాలో నా క్లినిక్ ఉన్నదనీ, తక్షణమే సంజాయిషీ ఇవ్వాలనీ సోమవారం ఉదయం వాట్సాప్ గ్రూపులో సందేశం వచ్చింది. ముందుగా అందుకు నా కృతజ్ఞతలు స్వీకరించండి. మీ వైపు మనుషులు ఉన్నారని ఆ సందేశం వల్లనే తెలిసింది. అయితే ఆ రిపోర్టు నేను పంపాను. పంపినట్లు స్క్రీన్‌షాట్ కూడా ఉంది. అందులో అతిసారం గడిలో నా ప్రాక్టీసులో ఎన్నడూ వేయనంత పెద్ద అంకె వేసి, మీరు అడగకపోయినా, రోగులందరిదీ ఒకే కాలనీ అని వ్యాఖ్య కూడా రాశాను. ఆ వ్యాఖ్యను ఎవరైనా చదివారా అన్నదే నా సందేహం.

మీ పుట్టుపూర్వోత్తరాలు నాకు తెలియనివి కావు. 2004లో వ్యాధుల నిఘా కార్యక్రమం మొదలైనప్పుడు ఆరోగ్య కార్యకర్తకు ఎస్ ఫారం, ల్యాబుకు ఎల్ ఫారం ఇచ్చి, వైద్యుడికి మిమ్మల్ని అంటగట్టారు. 2021లో మీరు కొత్త పోర్టల్‌లోకి గృహప్రవేశం చేశారు. ఇకపై గ్రామస్థాయి సమాచారం ఇంచుమించు అప్పటికప్పుడే అందుతుందని ఆనాడు ప్రకటించారు. అందుతూనే ఉంటుంది, నేను కాదనను. ఎవరికి అందుతుందో మాత్రం ఆ ప్రకటనలో లేదు.

చిన్న చిన్న ఫిర్యాదులను సాగదీయను. ఓటీపీ వచ్చేసరికి పేజీ మూసుకుపోవడం, క్షయ రోగి వివరాలకు మరొక పోర్టల్, మరొక పాస్‌వర్డు ఉండడం, కుక్కకాటు నుంచి కామెర్ల దాకా అన్నింటినీ ఓపీ ముగిశాక రాత్రి పూట నేనే కూర్చుని నింపవలసి రావడం, ఇవన్నీ వృత్తిలో భాగమే అనుకుంటాను. కార్డు పరీక్షలో డెంగీ అని తేలినా అది అనుమానిత కేసు మాత్రమేనని, ల్యాబులో ఎలైజా అనే రక్తపరీక్ష జరిగితేనే నిర్ధారణ అని మీరు చెప్పే మాట శాస్త్రప్రకారం సబబే. కానీ నేను పంపిన నమూనా ఫలితం, రోగి కోలుకుని పనిలోకి వెళ్లిన తర్వాత కూడా నా దాకా రాదు.

ఆ కాలనీ సంగతి మాత్రం వదలలేను. మొదట ఒక తల్లి, ఇద్దరు పిల్లలు వాంతులు, విరేచనాలతో వచ్చారు. మరునాడు వాళ్ల పక్కింటివాళ్లు, ఆ తర్వాత ఎదురు వరుసవాళ్లు వచ్చారు. స్టాండ్లు చాలక సెలైన్ సీసాలను కిటికీ ఊచలకు వేలాడదీశాము. వివరాలు పంపిన తర్వాత మీ నుంచి ఉలుకూ పలుకూ లేదు. నూతిలో రాయి వేస్తే చప్పుడైనా వినిపిస్తుంది. చివరికి అసలు సంగతి నాకు తెలిసింది వార్తాపత్రిక జిల్లా పేజీలో: మురుగు కాలువను దాటే చోట మంచినీటి గొట్టం పగిలిందట, సరఫరా ఆపి, బ్లీచింగ్ చల్లి, వైద్య శిబిరం కూడా పెట్టారట. ఇదంతా జరిగింది వార్త రావడానికి రెండు రోజుల ముందు. అంటే సమాచారం ఉంది, చర్య కూడా జరిగింది; రెండు వీధుల అవతల అదే కాలనీ రోగులను చూస్తున్న వైద్యుడికి ఒక్క ముక్క చెప్పాలని మాత్రం ఎవరికీ తోచలేదు. ఆ రెండు రోజులూ నేను ఓఆర్ఎస్ పొట్లాలు చేతిలో పెట్టి, కాచి చల్లార్చిన నీళ్లలో కలుపుకోండి అని అలవాటు చొప్పున చెప్పి పంపాను. ఆ మాట జనం ఎంతగా పాటిస్తారో నాకూ తెలుసు, మీకూ తెలుసు. "మీ కుళాయి నీళ్లలో మురుగు కలిసింది, బిందెల్లో పట్టి ఉంచినవి పారబోయండి" అని చెప్పి ఉంటే ఒక్కరైనా పెడచెవిన పెట్టేవారా? తగ్గిందనుకుని పంపిన పిల్లవాణ్ణి కళ్లు లోతుకు పోయిన స్థితిలో మళ్లీ తీసుకువచ్చారు. బతికాడు. కానీ ఆ రెండో రాక వాడికి రాకూడనిది, దానికి కారణం మీరు!

క్షయ కేసును తెలియజేయకపోతే అప్పటి భారతీయ శిక్షాస్మృతిలోని 269, 270 సెక్షన్లు వర్తిస్తాయని 2018 మార్చిలో గెజిట్‌లో ప్రకటించారు. చెప్పని వైద్యుడికి సెక్షన్లున్నాయి సరే, వైద్యుడికి చెప్పనివారికి ఏ సెక్షన్ వర్తిస్తుందో కాస్త సెలవిప్పించండి.

మీరు నిష్ప్రయోజకులని నేను అనను. పదిహేనేళ్లలోపు పిల్లల్లో ఉన్నట్టుండి కాళ్లూ చేతులూ చచ్చుబడిన కేసుల గడిలో వారం వారం సున్నా వేయించుకున్నారే, ఆ సున్నాల విలువ నాకు తెలుసు. 2014లో మన దేశానికి పోలియో రహితమన్న గుర్తింపు రావడం వెనుక అలాంటి సున్నాలు ఎన్నో ఉన్నాయి. ఆ పనిలో ఒక అనుమానపు కేసు చెబితే మనిషి వెతుక్కుంటూ వచ్చేవాడు, పద్నాలుగు రోజులు దాటకుండా రెండు మల నమూనాలు తీయించేవాడు, ఫలితం వచ్చాక నాకు ఫోన్ చేసేవాడు. చేతకాని పని కాదని దీన్నిబట్టే తెలుస్తున్నది. అందుకే మండిపడుతున్నాను.

కనుక సంజాయిషీకి బదులుగా ఒక ప్రతిపాదన పంపుతున్నాను. మీ గడులన్నింటి చివర మరొక గడి చేర్పించండి: "రిపోర్టు పంపిన వైద్యుడికి తిరిగి తెలిపిన తేదీ". అది జిల్లా కార్యాలయం నింపవలసినది. రోగి ఫోన్ నంబరులో ఒక్క అంకె తగ్గినా మీరు నన్ను తర్వాతి పేజీకి కదలనివ్వరు కదా, అదే నియమం వాళ్లకూ పెట్టండి. తేదీ వేయనిదే సబ్మిట్ బటన్ పనిచేయకూడదు. నా ఫోన్ నంబరు ఎక్కడా వెతకనక్కరలేదు, ప్రతి వారం మీరే అడిగి నింపించుకుంటున్నారు.