సైమన్ చెబితే తెరవని తలుపు

గుంటూరు బ్రాడీపేటలో దారి చెప్పడానికి భాషతో పెద్దగా పని లేదు. లైనుకో అంకె, అడ్డరోడ్డుకో అంకె, మధ్యలో ఒక గీత. 4/14 అంటే నాలుగో లైను, పద్నాలుగో అడ్డరోడ్డు. ఆటో అతను మారు మాట్లాడకుండా తీసుకెళ్లి దింపుతాడు. మా మేడమీద గదిలో ఇంగ్లీషు మాట్లాడడం నేర్పే అమ్మాయికి ఈ సంగతి ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది.

ఆమె ఏదో విదేశీ పుస్తకంలోంచి ఒక పట్టణం పటం తెచ్చింది. అందులో చర్చి, బేకరీ, గ్రంథాలయం, బాతులున్న చెరువు. సగం పేర్లున్న పటం ఒకరికి, మిగతా సగం ఉన్నది పక్కవారికి. ఒకరి దగ్గర లేనిది ఇంకొకరిని ఇంగ్లీషులో అడిగి తెలుసుకోవాలి. దీన్ని ‘ఇన్ఫర్మేషన్ గ్యాప్’ అంటారట. మనవాళ్లు పటం అందగానే వీధులకు అంకెలు వేసేశారు. బేకరీ? 2/5. చర్చి? 3/1. టీచరమ్మ గడియారం చూసుకునే లోపే పటాలన్నీ నిండిపోయాయి. ఇంగ్లీషు మాత్రం అంకెలు దాటి రాలేదు.

నేను ఆ క్లాసులో ఎందుకున్నానంటే, గది అద్దెలో కొంత తగ్గించాను, ఆ మేరకు పాఠం వింటున్నాను. మా ఆవిడ లెక్కలో ఇది నష్టపు బేరం.

అమ్మాయి చదువుకున్నదే. 1979 నుంచి 1984 దాకా ఎన్.ఎస్. ప్రభు గారు దక్షిణాది బడుల్లో బెంగళూరు ప్రాజెక్టు నడిపారని, వ్యాకరణం విడిగా బోధించకుండా టైంటేబుళ్లూ పటాలూ ముందు పెట్టి ఏదో ఒక లెక్క తేల్చమనేవారని, పని మీద ధ్యాస పడితే భాష దానంతట అదే పట్టుబడుతుందని ఆయన ఆలోచన అని మాకు చెప్పింది. చెప్పి, గుంటూరు రైళ్ల టైంటేబుల్ ఇచ్చింది. పని మీద ధ్యాస బ్రహ్మాండంగా పడింది. పల్నాడు ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్ ఎప్పుడు చేరుతుందన్న ప్రశ్న దగ్గర మొదలై, నడికుడి దగ్గర ఎంతసేపు ఆగింది, ఎవరి మేనల్లుడు ఇంటర్వ్యూ పోగొట్టుకున్నాడు అన్నదాకా వెళ్లింది. అంతా తెలుగులోనే. క్లాసులో తెలుగు మాటకు పది రూపాయల జరిమానా. కిటికీలోని హార్లిక్స్ సీసా ఆ సాయంత్రం మెడ దాకా నిండింది. ఇంకో నియమం కూడా ఉంది: ఎవరైనా తెలుగు మాట్లాడితే మిగతావాళ్లు చెవులు మూసుకోవాలి.

తర్వాత వచ్చింది ‘టోటల్ ఫిజికల్ రెస్పాన్స్’. జేమ్స్ ఆషర్ అనే అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త పద్ధతి. పసిపిల్లలు ముందు వింటారు, విన్నది చేస్తారు, చాలాకాలం తర్వాత గానీ మాట్లాడరు. కాబట్టి పెద్దవాళ్లకూ అలాగే నేర్పాలంటారు. టీచరు ఆజ్ఞ ఇస్తుంది, మనం చేస్తాం. మాట్లాడమని ఎవరూ బలవంతపెట్టరు. గెంతమంటే ఇరవై మంది గెంతేవాళ్లం. కింద సీరియల్ చూస్తున్న మా ఆవిడ మొదట్లో భూకంపం అనుకుని వీధిలోకి పరుగెత్తింది. తర్వాత అలవాటుపడి, గెంతులు మొదలవగానే టీవీ శబ్దం పెంచడం నేర్చుకుంది. ఆషర్ గారి పద్ధతికి తిరుగులేదనడానికి నాకు ఇంతకన్నా రుజువు అక్కర్లేదు.

మా క్లాసులో తాలూకా ఆఫీసులో హెడ్ గుమాస్తాగా చేసి రిటైరైన పెద్దాయన ఒకరున్నారు. డాలస్‌లో కూతురి దగ్గరికి వెళ్లాలని చేరారు. చేరిన దగ్గర్నుంచి ఒక్క ఇంగ్లీషు ముక్క నోటి నుంచి రాలేదు గానీ ఆజ్ఞ పాలించడంలో ఆయన తర్వాతే ఎవరైనా. పైనుంచి ఉత్తర్వు వస్తే ఫైలు కదులుతుంది, రాకపోతే కదలదు. సర్వీసంతా అదే కదా.

ఆయన నోరు విప్పింది ఒక్కసారే, అదీ తెలుగులో. టీచరమ్మ ‘సైమన్ సేస్’ ఆట పెట్టిన రోజు. ‘సైమన్ చెబుతున్నాడు’ అని ముందు తగిలిస్తేనే ఆజ్ఞ చెల్లుతుంది, లేకపోతే కదిలినవాడు ఓడినట్టు. పెద్దాయన లేచి, జరిమానా నోట్లు ముందే సీసాలో వేసి, గొంతు సవరించుకున్నారు.

“సైమన్ చెబితే మనం చేయడమా అమ్మాయ్? 1928లో మద్రాసులో ప్రకాశం పంతులుగారు పోలీసు తుపాకీకి గుండె చూపించింది ఇందుకా?”

క్లాసంతా చప్పట్లు. చెవులు మూసుకోవాలన్న సంగతి అప్పుడెవరికీ గుర్తులేదు. టీచరమ్మ ఎంతో మర్యాదగా, “అలాగే తాతగారూ, మన ఆటలో ప్రకాశం గారే చెబుతారు లెండి” అని రాజీ చేసుకుని, తనూ జరిమానా కట్టింది.

ఇక అసలు సంగతి. మే నెల, సాయంత్రం. ఆ రోజు పాఠం తలుపు. లేవాలి, ఫోన్ల బుట్ట తీసుకోవాలి, బయటికి వెళ్లాలి, తలుపు వేయాలి, గడియ పెట్టాలి. ప్రకాశం గారి పేరు మీద ఒక్కో ఆజ్ఞా వెలువడుతుంటే పెద్దాయన ఒక్కోటీ నెరవేర్చారు. గడియ పడిన చప్పుడు వినిపించింది. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది.

గుంటూరు మే నెలలో ఫ్యాను లేని గదిలో ఇరవై మంది. తెరవండి తెరవండి అని ఇంగ్లీషులో అందరం అరిచాం. బయట అలికిడి లేదు. తలుపు సందులోంచి చూస్తే పెద్దాయన బుట్ట ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉన్నారు, ముఖాన చిరునవ్వు. ముందు పేరు లేని ఆజ్ఞకు కదిలి ఓడిపోయే మనిషా ఆయన! బుట్టలో మా ఫోన్లు ఒకటొకటే మోగుతున్నాయి. ఎత్తమని ఎవరూ చెప్పలేదు, ఎత్తలేదు.

నేలను కాళ్లతో దబదబా బాదాం. కింద ఇన్వర్టర్ మీద నడుస్తున్న టీవీ శబ్దం పెరిగింది.

మిర్చి వ్యాపారి భార్య ఒకావిడ ఓపిక నశించి, అయిదు వందల నోటు సీసాలో కుక్కి, “ఇది అందరి తరఫునా అడ్వాన్సు” అని తెలుగులో అందుకుంది. పెద్దాయన వయసునూ, డాలస్‌నూ, తలుపు చేసిన వడ్రంగినీ కలిపి ఆవిడ చదివిన దండకంలో మా యార్డు సరుకు ఘాటంతా ఉంది. సందులోంచి చూశాను. పెద్దాయన రెండు చెవులూ మూసుకున్నారు. నియమం నియమమే.

పాపం టీచరమ్మకు చెమటతో పాటు కంగారు పుట్టి, శిక్షణలో నేర్చుకున్న అలవాటు నోటికొచ్చింది. ఆయన చేతులు దించగానే తలుపు దగ్గరికెళ్లి గట్టిగా అరిచింది: సైమన్ చెబుతున్నాడు, తలుపు తెరవండి!

మెట్ల మీద ఆయన లేచి నిలబడ్డారు. ఛాతీ విరుచుకున్నారు. బ్రాడీపేట లైన్లన్నిటికీ వినబడేలా, చేరిన తర్వాత తొలిసారిగా ఇంగ్లీషులో పలికారు:

“సైమన్ గో బ్యాక్!”

లోపల ఒక్క క్షణం వేడి కూడా మరిచిపోయాం. బలవంతపెట్టకపోతే మాట తనంతట తానే వస్తుందని ఆషర్ పద్ధతి చెప్పేది కదా, వచ్చేసింది. టీచరమ్మ ఆ చీకట్లోనే తారీఖు రాసుకుంది. చివరికి మూలనున్న బీటెక్ కుర్రాడు ప్రకాశం గారి పేరు అందించాడు. ఆమె పలికింది. గడియ తీసుకుంది.

పెద్దాయన వచ్చి తన కుర్చీలో కూర్చున్నారు, ఏమీ జరగనట్టు. వ్యాపారి భార్యకు మాత్రం అయిదు వందల మీద మనసు పీకుతోంది. యాభై మాటలు తను అనలేదని, చిల్లర కావాలని పట్టుబట్టింది. లెక్కపెట్టినవాడు ఎవడూ లేడు. సాక్ష్యానికి అందరం పెద్దాయన వైపు తిరిగాం.

“నాకేం తెలుసమ్మా, నేను చెవులు మూసుకున్నాను” అన్నారాయన, స్వచ్ఛమైన తెలుగులో.

టీచరమ్మ హార్లిక్స్ సీసా తెచ్చి ఆయన ముందు పెట్టింది.