సిరిమాను నాడు కలకత్తా కుండ

మా చిన్నాన్న రైల్వేలో ఫిట్టరుగా చేసి ఖరగ్‌పూర్‌లో రిటైరయ్యాడు. ఇందులో ఖరగ్‌పూర్ సంగతి మా సందులో చాలామందికి తెలీదు. ఆయన తెలియనివ్వడు. "మేం బెంగాల్లో ఉండేటప్పుడు" అని మొదలెట్టి, రెండో మాటకల్లా హౌరా బ్రిడ్జి మీదుంటాడు. మధ్యలో ఉన్న వంద కిలోమీటర్ల పైచిలుకు దూరం ఎప్పుడు దాటాడో వినేవాళ్లకి అంతుపట్టదు.

ఆయనకి బెంగాలీ కూడా రాదు. అందులో ఆయన తప్పేం లేదు. బెంగాల్-నాగపూర్ రైల్వే కాలం నుంచీ మన శ్రీకాకుళం, విజయనగరం పల్లెలవాళ్లు ఖరగ్‌పూర్ వెళ్లి అక్కడే పాతుకుపోయారు. చిన్నాన్న పక్క క్వార్టర్లో చీపురుపల్లి వాళ్లు, ఎదుటి క్వార్టర్లో ఆమదాలవలస వాళ్లు. కూరల బండి తెలుగు, మంగలి తెలుగు, పై ఆఫీసరు హిందీ. ఇంక బెంగాలీ ఎవరితో మాట్లాడాలి? సర్వీసంతా బెంగాల్లో చేసి, వెళ్లినప్పుడు ఎంత వచ్చో అంతే బెంగాలీతో తిరిగొచ్చాడు.

ఖరగ్‌పూర్ పేరు ఆయన తనంతట తాను ఎత్తేది ఒక్క సందర్భంలోనే. "ప్రపంచంలోకల్లా పొడుగాటి ప్లాట్‌ఫారం మాది. వెయ్యి డెబ్భై రెండు మీటర్లు!" 2013లో గోరఖ్‌పూర్ దాన్ని దాటేసిందనీ, 2023లో హుబ్బళ్లి గోరఖ్‌పూర్‌నీ దాటేసిందనీ నేను ఫోన్లో చూపించాను. కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకోకుండానే చూశాడు. "అయి తరవాత అతికించినవిరా. మాది ఒరిజినల్" అన్నాడు.

పోయిన దసరాకి పిన్ని పట్టు పట్టింది. "అన్నేళ్లు అక్కడ కాపరం చేసి కలకత్తా దుర్గమ్మని చూడలేదంటే నలుగురూ నవ్వుతారు" అంది. ఆ నలుగురి ముందే అనేసింది కూడా. చిన్నాన్నకి వెళ్లక తప్పలేదు. సామాన్లు మొయ్యడానికీ, ఫోన్లో టికెట్లు తియ్యడానికీ నన్ను కలుపుకున్నారు. షరతు ఒక్కటే: సిరిమానుకి ఊళ్లో ఉండాలి. విజయదశమి వెళ్లాక వచ్చే మొదటి మంగళవారం మా ఊరి దేవత పైడితల్లి అమ్మవారి సిరిమాను, అంటే పొడుగాటి మాను చివర పూజారిగారిని కూర్చోబెట్టి తిప్పే ఉత్సవం. ముందురోజు సోమవారం దానికి తొలి సంబరం, తొలేళ్లు. ఆ రెండు రోజులూ విజయనగరం వాడు విజయనగరంలో లేకపోతే వాణ్ణి ఏ ఊరివాడనాలో తెలీదు. తిరుగు టికెట్లు మాత్రం సోమవారం హౌరాలో ఎక్కే బండికే దొరికాయి. తొలేళ్లు పోయింది, సిరిమాను మిగిలింది అని సర్దుకున్నాం.

బయల్దేరేటప్పుడు గంటస్తంభం దగ్గరి మా సందులో ఒక రిటైర్డు మాస్టారు ఐదొందల నోటు చిన్నాన్న జేబులో పెట్టారు. "మిష్టి దొయ్ అని, మట్టికుండలో తోడుపెడతారట కదోయ్, తియ్య పెరుగు. ఓ కుండ పట్టుకురా" అన్నారు. "కుండేటి మాస్టారూ, కలకత్తా అంతా నాకు తెలిసిన కొట్లే" అన్నాడు చిన్నాన్న.

తెలిసిన కలకత్తా హౌరా స్టేషన్ గుమ్మంలోనే చేజారిపోయింది. నది దాటడానికి బ్రిడ్జి మీద బస్సెక్కాలని ఆయన ప్లాను. 1943లో తెరిచిన బ్రిడ్జి, ఒక్క నట్టూ బోల్టూ లేకుండా మొత్తం రివెట్లతో బిగించారు అని రైలంతా వర్ణించుకొచ్చాడు. ఫిట్టరు కదా, ఆ మాటకొచ్చేసరికి గొంతు కూడా మారిపోయేది. తీరా దిగితే జనమంతా మెట్రో వైపు పోతున్నారు. 2024 నుంచి హుగ్లీ అడుగునుంచే రైలు నడుస్తోంది. మేమూ ఎక్కాం. గోదావరి మీద అలవాటు కొద్దీ గంగమ్మకి వెయ్యడానికని పిన్ని రూపాయి బిళ్ల చేతిలో పట్టుకుని కూర్చుంది. సొరంగంలో నీలం దీపాలు కనబడగానే "ఇప్పుడు నది కింద ఉన్నాం పిన్నీ" అన్నాను.

"కిందేటి?"

"నది మన నెత్తిమీదుంది."

పిన్ని బిళ్లవైపు చూసింది, పైకప్పు వైపు చూసింది. "మరిప్పుడు పైకి ఇసరాలా?" ఆవిడ ఆలోచన తెమిలేలోగా అవతలి ఒడ్డు వచ్చేసింది. నదికింద దారి 520 మీటర్లే మరి, ముప్పావు నిమిషమే పడుతుందంటారు.

ట్రాము చూపిస్తానన్నాడు. 1873లో గుర్రాలు లాగిన ట్రాముతో మొదలై, 1902లో కరెంటుకి మారింది. ఆ చరిత్రంతా చెప్పడానికి పట్టాలు చక్కగా పనికొచ్చాయి. ట్రాము మటుకు రాలేదు. ఇప్పుడవి పేరుకే మిగిలాయట. మేం నిలబడ్డ చోట పట్టాల మీద ఒకతను కొబ్బరిబొండాలు పెట్టుకుని అమ్ముతున్నాడు. అతని తీరు చూస్తే ఏ ట్రామూ వచ్చేలా లేదు. పిన్ని బొండాం తాగి, ట్రాము చూసినంత సంతృప్తిగా ముందుకి నడిచింది.

దుర్గ పూజ పందిళ్ల గురించి ఏం చెప్పినా తక్కువే. వీధికొక కమిటీ, కమిటీకొక ఊహ. వెదుళ్లూ గుడ్డలూ కట్టి రాజకోటలు లేపేస్తారు, నాలుగు రోజుల్లో విప్పేస్తారు. బొమ్మలు చేసేవాళ్ల పేట కుమార్‌టులిలో నెలల తరబడి చేసిన బొమ్మని దశమి నాడు గంగలో కలిపేస్తారు. శోభాబజార్ రాజబాడిలో నవకృష్ణ దేవ్ దుర్గ పూజ మొదలెట్టింది 1757లో అని నేను చదివి వినిపించాను. చిన్నాన్న టక్కున ఆగిపోయాడు. "అదే ఏడు కాదేట్రా బొబ్బిలి యుద్ధం!" నిజమే. జనవరిలో బొబ్బిలి, జూన్‌లో ప్లాసీ. అక్కడ క్లైవు గెలిచిన ఏడాది రాజుగారింట దుర్గ వెలిసింది. ఇక్కడ బొబ్బిలిలో అన్న, విజయనగరం రాజు విజయరామరాజు పోయాడని చెల్లెలు పైడితల్లి పెద్దచెరువు చేరి, అమ్మవారయిందని మనవాళ్లు చెప్పుకుంటారు. ఆ రాజబాడి ముందు నిలబడి మా చిన్నాన్న బొబ్బిలి కథంతా వినిపించాడు, చుట్టూ బెంగాలీలు, ఆయన తెలుగులో. ఇద్దరు ముగ్గురు నిలబడి విన్నారు కూడా. యుద్ధం గొంతులోనే తెలిసిపోతుందేమో.

ఆ రద్దీలో ఆయన చెవిన పడి నాలుక మీద నిలిచిపోయిన బెంగాలీ ఒక్కటే. ఏ కొట్టు దగ్గర ఏం అడిగినా "ఎక్టు దాఁడాన్" అనేవారు. కాస్త ఆగండి అని. చిన్నాన్న దాన్ని పట్టుకున్నాడు. హోటల్లో నీళ్లిచ్చిన కుర్రాడితో ఎక్టు దాఁడాన్. బిర్యానీలో బంగాళాదుంప వేశారని పిన్ని గొడవపడబోతే ఆవిడతోనూ ఎక్టు దాఁడాన్. 1856లో లక్నో నుంచి వచ్చిపడ్డ నవాబు వాజిద్ అలీ షా వంటవాళ్ల పుణ్యమట ఆ దుంప. "నవాబైతేనేటి, బిర్యానీలో దుంపేటి" అని పిన్ని తినడం మాత్రం ఆపలేదు.

చివరి రోజు మిఠాయి కొట్లో పెద్ద కుండ కొన్నాం. ఎర్రగా, పైన మీగడ కట్టి, మాడబెట్టిన పంచదార వాసనతో ఉంది పెరుగు. మూతికి కాయితం వేసి తాడు కట్టాడు కొట్టతను. ఏ ఊరు అని అడిగి, విజయనగరం అనగానే చేతులు ఊపుతూ గబగబా ఏదో చెప్పాడు. "ఏటంటున్నాడు?" అంది పిన్ని. "అంత దూరం నించొచ్చి మా పెరుగు కొన్నారా అని సంతోషపడిపోతున్నాడు" అన్నాడు చిన్నాన్న. ఆ సాయంత్రంలోపే తినెయ్యమని, రైల్లో నిలవదని అతని మొత్తుకోలు. రైలెక్కాక పై బెర్తులో ఉన్న బెంగాలీ ఆయన కూడా కుండని చూసి అదే చెప్పాడు, పాపం హిందీలో. అప్పటికి బండి కదిలిపోయింది.

800 కిలోమీటర్ల పైన ప్రయాణం. కుండ బరంపురం దాకా బుద్ధిగానే ఉంది. పలాస దగ్గర పిన్ని చీర చెంగు తడిసింది. శ్రీకాకుళం రోడ్డులో సీటు కింద చీమలు బారు కట్టాయి. విజయనగరంలో దిగేసరికి కాయితం నానిపోయి, పెరుగు విరిగి, నీరు కారుతోంది. చేత్తో పట్టుకుంటే జారుతోంది, సంచిలో పెడితే సంచి తడుస్తోంది. చిన్నాన్న తువ్వాలు చుట్టగా చుట్టి నెత్తిమీద పెట్టుకుని, దానిమీద కుండ ఎత్తుకున్నాడు.

స్టేషన్‌కి ఎదురుగానే వనంగుడి. అమ్మవారి పుట్టిల్లు లాంటి చోటు, సిరిమాను నాడు పొద్దున. ఆటోలు లేవు, దారులన్నీ మళ్లించేశారు. జనం, జనం, జనం. వాళ్ల మధ్యలోకి మట్టికుండ నెత్తిన పెట్టుకుని, రెండు చేతులతో పట్టుకుని, కాళ్లకి చెప్పులు కూడా లేకుండా మా చిన్నాన్న దిగాడు. చెప్పులు రైల్లో ఎవరో పట్టుకుపోయారు, అది వేరే కథ.

"ఓలమ్మో, అమ్మోరి ఘటం ఎల్తంది, తప్పుకోండర్రా!" అని ఎవరో అరిచారు.

జనం రెండుగా చీలిపోయారు. ఒక ముసలమ్మ బిందెడు పసుపునీళ్లు చిన్నాన్న కాళ్లమీద గుమ్మరించింది. "అమ్మా, ఇది ఘటం కాదమ్మా, పెరుగు" అన్నాడాయన. "సల్ది బాబూ! అమ్మోరికి సలవ!" అని ఆవిడ ఇంకో చెంబు పోసింది. ఒకావిడ కుండకి పసుపు రాసి బొట్లు పెట్టింది. వేపమండ ఒకటి వచ్చి మూతిలో దిగింది. డప్పులవాళ్లు ముందుకొచ్చారు. ఆ దరువుకి తగ్గట్టు విరుగుడు నీళ్లు కళ్లలోకి కారుతుంటే ఆయన తల అటూ ఇటూ విదిలించడం మొదలెట్టాడు. చేతులు ఖాళీ లేవు, తుడుచుకోలేడు.

"పూనకం!" అన్నారు.

ఒక తల్లి ఎదురుగా వచ్చి మోకాళ్లమీద కూలబడింది. "మా గుంటడికి ఉజ్జోగం ఎప్పుడొస్తాది తల్లీ?" కళ్లు కనబడక, ఊపిరాడక, ఆ క్షణాన నోటికి ఏది దొరికితే అది అనేశాడు చిన్నాన్న. "ఎక్టు దాఁడాన్!"

ఒక్కసారిగా డప్పులు ఆగాయి. "అమ్మోరు వేరే బాస మాటాడతన్నాది" అన్నారెవరో వణుకుతూ. ఆ తల్లి నావైపు తిరిగింది. ఏం చెప్పను? ఉన్న అర్థమే చెప్పాను. "కాస్త ఆగమంటోందమ్మా." ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని దండం పెట్టి, చిన్నాన్న మెళ్లో అరటిపళ్ల గెల వేసింది. కానిస్టేబుల్ ఒకాయన ఈల ఊదుతూ మూడులాంతర్ల దాకా దారి చేశాడు. ఇంత సాఫీగా సిరిమాను నాడు ఆ రోడ్డు మీద నడిచినవాళ్లు ఉండరేమో. సంచులు మోస్తూ వెనక నడిచిన నాకూ ఇద్దరు దండాలు పెట్టారు.

మూడులాంతర్ల దగ్గర అమ్మవారి గుడి, చదురుగుడి చుట్టూ బారులు. అక్కడ కుండ దించాల్సి వచ్చింది, దించగానే చేతులు చాచారు. పసుపూ కుంకుమా పడ్డ కుండని ఇంటికి ఎలా పట్టుకెళ్తాం? పిన్ని గరిటె సంపాదించి, లోపల గట్టిగా మిగిలిన పెరుగు చెంచాడు చొప్పున చేతుల్లో వేసింది. "ఎంత తియ్యగున్నాదో తల్లి పెసాదం" అని కళ్లకద్దుకున్నారు. పుల్లగా అయిపోయి ఉంటుందని నా అనుమానం, మాకు మటుకు దక్కలేదు.

మధ్యాహ్నం తరవాత సిరిమాను కదిలింది. గుడి నుంచి కోటకి మూడుసార్లు తిరుగుతుంటే, పైన కూర్చున్న పూజారిగారి మీదకి జనం అరటిపళ్లు విసిరారు. చిన్నాన్న తన గెలలోవి చివరిదాకా విసిరాడు.

సాయంత్రం మాస్టారు గుమ్మంలోకొచ్చారు. జరిగినదంతా అప్పటికే విన్నారు, ఊరంతా విన్నది. అయినా చేతులు కట్టుకుని నిలబడి, "అదంతా సరేనోయ్, మరి నా ఐదొందలూ?" అన్నారు.

చిన్నాన్న చెవుల వెనక ఇంకా పసుపు వదల్లేదు. మొహం మాత్రం గంభీరంగా పెట్టాడు.

"మాస్టారూ, అమ్మోరి పెసాదానికి పెట్టిన డబ్బు వెనక్కి అడుగుతారేటండీ?"