తరుగు తీయని పెట్టెకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన షిప్పింగ్ బిన్ గారికి,
ఇంటి వాకిట్లో కుడివైపు, పెలికన్ టౌన్, స్టార్‌డ్యూ వ్యాలీ.

ఉభయకుశలోపరి. మీకేం, ఎప్పుడూ కుశలమే. మనిషి దగ్గరికి రాగానే మీ మూత దానంతటదే తెరుచుకుంటుంది. మా ధాన్యం కొనుగోలు కేంద్రాల షట్టర్లకు ఈ మర్యాద ఇంకా అలవాటు కాలేదు.

మీరుండే స్టార్‌డ్యూ వ్యాలీ, ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని చేసి, 2016 ఫిబ్రవరిలో వదిలిన వ్యవసాయపు వీడియో ఆట. పండించిన సరుకు వేస్తే డబ్బిచ్చే పెట్టె మీరు. ఇందులో హాయి ఎక్కడుందని అడిగితే జనం సంగీతమంటారు, చేపలు పట్టడమంటారు, ఊళ్ళోవాళ్లకు వారానికి రెండు బహుమతులిచ్చి స్నేహం కలపడమంటారు. మీ పేరు ఎవరూ ఎత్తరు. అసలు హాయి ఉన్నది మీ దగ్గర.

టమాటా సంగతే చూడండి. పియెర్ కొట్లో విత్తనం 50 గోల్డ్ (ఆటలో డబ్బు పేరు అది). వేసవి ఒకటో తేదీన నాటితే 12న తొలి కోత, ఆపైన నాలుగు రోజులకోసారి, రుతువు చివరి రోజైన 28లోపు మొత్తం ఐదు. కాయ 60 గోల్డ్. ఒక్కటి వేసినా 60, వెయ్యి వేసినా ఒక్కోటి 60. పక్క జిల్లా సరుకు దిగిందని ధర పడదు. మదనపల్లెలో 2023 జులైలో కిలో వంద దాటిన టమాటా సెప్టెంబరుకల్లా కోతకూలికి సరిపోతే చాలన్నట్టయింది. ఆ దిగులు మీరెరగరు. మీ దగ్గర తేమ కొలిచే మిషన్ లేదు, 17 శాతం దాటిందని బస్తాలు వెనక్కి తిప్పరు. తాలు లేదు, తరుగు లేదు, హమాలీ ఖర్చు లేదు, గోనె సంచుల కోసం పడిగాపులు లేవు. నాణ్యత చూస్తారు గానీ అది ధర పెంచడానికే: వెండి నక్షత్రానికి పావు వంతు అదనం, బంగారు నక్షత్రానికి సగం, ఇరిడియం అయితే రెట్టింపు. రాత్రి మేయర్ లూయిస్ స్వయంగా వచ్చి సరుకు ఎత్తుకెళతాడు, పొద్దున ఆరింటికల్లా డబ్బు చేతిలో ఉంటుంది. కమీషన్ పైసా తీసుకోడు. మేయరై ఉండి!

ఇక మీవల్ల జరుగుతున్న చెడుగు.

ఆట మొదట్లో 500 గోల్డ్, ఊరికే వచ్చిన 15 పార్స్నిప్ (ముల్లంగిలాంటి దుంప) విత్తనాలు ఉంటాయి. మొక్కలు 16కు చేరేదాకా కాకులు వాలవు కాబట్టి దిష్టిబొమ్మ కూడా అక్కర్లేదు. నాలుగు రోజుల్లో పంట చేతికొస్తుంది. అక్కడ ఆగితే నిజంగా హాయే. కానీ మీ మూతలోంచి తొలి డబ్బు రాలగానే మనిషి అరవై విత్తనాలు కొంటాడు. గడి తవ్వడానికి 2, తడపడానికి 2 చొప్పున ఎనర్జీ పోతుంది, ఉన్నదే 270. అంటే అరవై గళ్లు తవ్వి తడిపేసరికి 240 ఖాళీ, మిగతా రోజంతా కాళ్లీడ్చుకుంటూ తిరగడమే. మొదటి నీళ్ల డబ్బాలో 40 గళ్లకే నీళ్లు పడతాయి, మధ్యలో చెరువుకు పరుగు. దాన్ని రాగిదిగా మార్చాలంటే కమ్మరి క్లింట్‌కు 2000 గోల్డ్, ఐదు రాగి కడ్డీలు ఇచ్చి రెండు రోజులు డబ్బా లేకుండా ఉండాలి. టీవీలో రేపు వాన అని చెప్పిన రోజు మొక్కలు తడిపేసి, అప్పుడు ఇవ్వాలి. అలా కాక ఎండరోజుల్లో ఇచ్చినవాడి మొక్కలు ఎదగకుండా నిలబడిపోతాయి. (ఆ టీవీ వాన జోస్యం తప్పదు. అది ఇంకో వింత, దానికి వేరే లేఖ రాయాలి.)

స్ప్రింక్లర్ పెట్టుకుందామంటే మొదటి రకం నాలుగు గళ్లే తడుపుతుంది, దాని జోలికి పోవడం దండగ. ఎనిమిది గళ్లది కావాలంటే ఫార్మింగ్ ఆరో లెవెల్, ఒక్కోదానికి ఇనుప కడ్డీ ఒకటి, బంగారు కడ్డీ ఒకటి, శుద్ధిచేసిన క్వార్ట్జ్ ఒకటి. బంగారం ముడిసరుకు గనిలో 80వ అంతస్తు దాటాక గానీ సరిగ్గా దొరకదు. ఆకుకూర పెంచుకుందామని వచ్చినవాడు కత్తి పట్టుకుని పాతాళంలో దెయ్యాలతో కొట్టుకుంటుంటాడు.

అయినా స్ట్రాబెర్రీ ముందు ఇవన్నీ దిగదుడుపే. వసంతం 13న గుడ్ల పండగలో మాత్రమే విత్తనం అమ్మకానికి ముఖం చూపిస్తుంది, 100 గోల్డ్. ఆ రాత్రే నాటితే రెండు కోతలు. దాచుకుని మరుసటేడు ఒకటో తేదీన నాటితే ఐదు. కాయ 120, పీపాలో వారం పడేస్తే వైన్ అయి 360. పీపాకు 30 కలప, రాగి కడ్డీ, ఇనుప కడ్డీ, ఓక్ జిగురు. జోజా అనే కంపెనీ ఆఫీసు బల్ల ముందు విసిగిపోయిన మనిషి తాత ఉత్తరం చదివి ఉద్యోగం మానేసి పల్లెకు రావడంతో ఈ కథ మొదలవుతుంది కదా? గచ్చిబౌలిలో అలాంటి బల్ల ముందే కూర్చునే మనిషి రాత్రి పదకొండింటికి ఆట తెరిచి, పక్క తెర మీద పీపాల లెక్కకు ఎక్సెల్ తెరుస్తున్నాడు. "మట్టిలో ఏముందిరా, చదువుకో" అని పంపించిన నాన్నకు ఈ విషయం తెలియకుండా చూసుకోండి.

మీపై ఒక ఫిర్యాదు కూడా ఉంది. చివరగా వేసిన వస్తువునే తిరిగి తీసుకోనిస్తారు. ఊరి కమ్యూనిటీ సెంటర్ బాగుచేయడానికి ఇవ్వాల్సిన వస్తువుల మూటల్లో రంగుల మూటకు ఒక రెడ్ క్యాబేజీ కావాలి, దాని విత్తనం పియెర్ రెండో ఏడు దాకా అమ్మడు. ఎక్కడో అదృష్టంకొద్దీ దొరికినదాన్ని నిద్రమత్తులో మీలో వేసి, దానిమీద ఒక పుట్టగొడుగు వేస్తే అంతే సంగతులు. మార్కెట్ యార్డులో అయితే కనీసం గొడవైనా పడొచ్చు.

చివరగా ఒక మనవి. ఊళ్ళో వడ్రంగి రాబిన్ 250 గోల్డ్, 150 కలప తీసుకుని ఇంకో పెట్టె కడుతుందట. మదనపల్లె యార్డుకు ఒకటి కట్టించే ఏర్పాటు చూడండి. కలప మేమే ఇచ్చుకుంటాం. లూయిస్ గారికి రానూపోనూ చార్జీలు కూడా.

ఇట్లు,
రాత్రి రెండింటికి పొలంలోనే సొమ్మసిల్లి పడిపోయే రైతులు